అమెరికా తొలి చరిత్ర పరీక్షకు ఏది మేలు: టైమ్‌లైనా, ఫ్లాష్ కార్డులా?

పరీక్ష వారంలో ఉందనగానే పిల్లలు వంద ఫ్లాష్ కార్డులు రాయడానికి కూర్చుంటారు. అందులో సగం శ్రమ దండగ. ఈ సిలబస్‌లో ఉన్నవి రెండు: 1763 నుంచి 1791 దాకా నడిచిన కథ, ఆ కథలోంచి పుట్టిన ప్రభుత్వం. కథకు టైమ్‌లైన్ మేలు, ప్రభుత్వానికి కార్డులు మేలు. తారుమారు చేస్తేనే తంటా.

‘1773, బోస్టన్ టీ పార్టీ’ (రేవులోని ఓడల్లో ఉన్న టీని సముద్రంలో పారబోసిన నిరసన) అని కార్డు రాసుకుంటే తేదీ వస్తుంది, కారణం రాదు. పరీక్షలో ‘టీ ధర పెంచారు కాబట్టి’ అని రాసి మార్కు పోగొట్టుకుంటారు. నిజానికి ఆ ఏటి చట్టంతో ఈస్టిండియా కంపెనీ టీ (అవును, మనల్ని ఏలిన కంపెనీయే) చవకైంది. 1767లో వేసిన పన్ను మాత్రం అలాగే ఉంది. ఆ టీ కొంటే, తమ ప్రతినిధులు లేని పార్లమెంటు వేసిన పన్నుకు తలూపినట్టే. అమెరికాలోని బ్రిటిష్ వలసల వాళ్ల గొడవ అదీ.

టైమ్‌లైన్ వేయాలంటే కాగితం అడ్డంగా పెట్టి ఒక గీత గీయండి. 1763, 1765, 1773, 1774, 1776, 1781, 1783, 1787, 1791 చాలు. ప్రతి రెంటి మధ్యా ‘అందుకని’ పెట్టి ఒక వాక్యం రాయాలి. ఫ్రాన్స్‌తో యుద్ధంతో బ్రిటన్ అప్పులపాలైంది, అందుకని స్టాంప్ చట్టం (వలసల్లో వాడే కాగితాల మీద పన్ను). టీ సముద్రం పాలైంది, అందుకని బోస్టన్ రేవు మూత. మర్నాడు చూడకుండా మళ్లీ గీయండి. ‘అందుకని’ ఎక్కడ ఆగిపోతే చదవాల్సింది అక్కడే. ఇంకో లాభం: పారిస్ ఒప్పందాలు రెండున్నాయి. 1763ది ఫ్రాన్స్‌తో యుద్ధం ముగించింది, 1783ది స్వాతంత్ర్యాన్ని గుర్తించింది. కార్డుల్లో ఈ రెండూ కలగాపులగమవుతాయి, గీత మీద దూరదూరంగా ఉంటాయి.

ప్రభుత్వం దగ్గర మాత్రం కార్డులదే పైచేయి, ఎందుకంటే అక్కడంతా లెక్కలు. వీటోను (బిల్లుకు అధ్యక్షుడి తిరస్కారాన్ని) తోసిపుచ్చడానికి రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు. ఒప్పందానికి సెనేట్‌లో మూడింట రెండొంతులు. రాజ్యాంగ సవరణను ఆమోదించడానికి నాలుగింట మూడొంతుల రాష్ట్రాలు, అంటే నేడు 50లో 38. కార్డు మీద ‘ఇంపీచ్‌మెంట్’ (అధ్యక్షుడి లాంటి వాళ్ల మీద అభియోగం మోపడం) అని ఒక్క మాట రాస్తే ఉపయోగం లేదు, ‘అభియోగం మోపేది ఎవరు? విచారించేది ఎవరు?’ అని రాయాలి. మోపేది ప్రతినిధుల సభ, విచారించేది సెనేట్. ఇంపీచ్ అయితే పదవి పోయినట్టేనని తప్పుగా రాసేవాళ్లే ఎక్కువ. ముప్పై కార్డులు చాలు, తప్పినవి పక్కన పెట్టి ఆ రాత్రే ఇంకోసారి చూడాలి.

ఇంట్లో చెప్పే పెద్దలకో మాట: మన ప్రధాని, మంత్రులు పార్లమెంటులోనే కూర్చుంటారు. అక్కడ అధ్యక్షుడు గానీ ఆయన కేబినెట్ గానీ కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) సభ్యులుగా ఉండకూడదు. మన అలవాటు ప్రకారం చెబితే అధికారాల విభజన ప్రశ్న మొత్తం పోతుంది.

పుస్తకంలో రంగులు పూస్తూ మళ్లీ చదవడం గురించి చెప్పడానికేం లేదు. చదివినట్టుంటుంది, అంతే.

ఒక్క పెద్ద ప్రశ్నకు గీతా చాలదు, కార్డూ చాలదు: ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్‌ను (రాష్ట్రాలను కలిపిన మొదటి ఒప్పందాన్ని) మార్చి రాజ్యాంగం ఎందుకు తెచ్చారు? దానికి రెండు గడుల పట్టిక వేయండి. ఎడమ గడిలో: పన్ను వేసే అధికారం లేదు, అధ్యక్షుడు లేడు, ముఖ్యమైన నిర్ణయానికి 13లో 9 రాష్ట్రాలు, సవరణకు 13కు 13. వీటిలో ప్రతి జబ్బుకూ 1787లో ఫిలడెల్ఫియాలో రాసిన రాజ్యాంగం ఇచ్చిన మందు కుడి గడిలో పడాలి. కుడివైపు ఖాళీగా మిగిలిన వరుసే రేపటి చదువు.