కాలేజీలు చూసి రావడానికి డ్రైవర్‌తో సహా కారు: గుంటూరు నుంచి విశాఖ దాకా

ఐదుకి నాలుగు మార్కులు వేస్తున్నాను. ఆ నాలుగూ మా డ్రైవర్ బాబాయి గారివి. తగ్గించిన ఒక్కటీ ట్రావెల్స్ ఆఫీసు వాళ్లది. ఎందుకో వివరంగా రాస్తాను. ఎంపీసీ అయిపోయిన పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు ఇదే చర్చ కదా. కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీలు కావాలో ఆన్‌లైన్‌లో ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు ఇంజినీరింగ్ కాలేజీలు ఒకసారి చూసి రావాలా, వెళితే బస్సులోనా, రైల్లోనా, కారులోనా అని.

మాది గుంటూరు కొత్తపేట. నాకు లేడీస్ టైలరింగ్ షాపు ఉంది. మా ఆయన మిర్చి యార్డులో గుమాస్తా. మా అమ్మాయికి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో వచ్చిన ర్యాంకుకి కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, సీటు వస్తుందన్న ధైర్యం ఉంది. ఏ కాలేజీలో అన్నదే తేలలేదు. పాత జిల్లాల లెక్కలో శ్రీకాకుళం నుంచి గుంటూరు, ప్రకాశం దాకా అంతా ఆంధ్రా యూనివర్సిటీ పరిధే. ఆ పరిధిలో 85 శాతం సీట్లు స్థానికులవి. అంటే మా పిల్లకి పక్కనున్న చౌడవరం ఎంతో కాకినాడ కూడా అంతే. ఇంత అవకాశం ఉన్నప్పుడు ఊరి చుట్టుపక్కల కాలేజీలే చూసి ఊరుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఎవరో చెప్పిన మాటల మీద నాలుగేళ్ల చదువు నిర్ణయించకూడదని నా పట్టుదల.

ముందుగా ఒక మాట. మీరు విశాఖ ఒక్కటే చూడాలనుకుంటే కారు అక్కర్లేదు. గుంటూరులో సింహాద్రి ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే అక్కడ దిగుతారు, ఊళ్లో ఆటోలు ఉన్నాయి. మాకు దారిలో భీమవరం, కాకినాడ కూడా చూడాలని ఉంది. పైగా మా అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, ఆవిడకి అన్నవరం మొక్కు కూడా ఉంది. అందుకే గుంటూరులోనే ఒక ట్రావెల్స్‌లో డ్రైవర్‌తో సహా ఎర్టిగా మాట్లాడుకున్నాం.

రేటు సంగతి. కిలోమీటరుకి 15 రూపాయలు, రోజుకి కనీసం 300 కిలోమీటర్లు, డ్రైవర్ బత్తా రోజుకి 500. టోల్‌గేట్లు, పార్కింగు మనవే. కాజ నుంచి మొదలుపెడితే పొట్టిపాడు, కలపర్రు అంటూ హైవే మీద వరసగా టోల్‌గేట్లే కాబట్టి ఆ ఖర్చు ముందే లెక్క వేసుకోండి. ఇక్కడ అసలు చూసుకోవాల్సింది ఆ 300 కిలోమీటర్ల సంగతి. విశాఖలో పొద్దుటి నుంచి రాత్రి దాకా కాలేజీల చుట్టూ తిరిగినా బండి 60, 70 కిలోమీటర్లకి మించి నడవదు. కానీ ఆ రోజుకీ 300 కిలోమీటర్ల డబ్బులు కట్టాలి. అందుకే రోజువారీ లెక్క వద్దు, ట్రిప్పు మొత్తం కిలోమీటర్లకి కలిపి సగటు వేయండని మా ఆయన బయల్దేరకముందే అడిగారు. ఒప్పుకున్నారు. దాని వల్ల బాగా కలిసొచ్చింది. మీటరు లెక్క మన ఇంటి దగ్గర మొదలవుతుందా, వాళ్ల షెడ్డు దగ్గర మొదలవుతుందా అన్నది కూడా అడగండి. మాకు షెడ్డు నుంచి షెడ్డు దాకా వేశారు. ఎక్కేటప్పుడే డ్రైవర్ మీటరు చూపించి, ట్రిప్ షీటులో రీడింగు రాసి, మా అమ్మాయిని ఫోన్లో ఫొటో తీసుకోమన్నారు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

దగ్గరి కాలేజీలకి విడిగా ఒక రోజు పెట్టుకున్నాం. ఆఫీసులో అడిగితే 8 గంటలు, 80 కిలోమీటర్ల ప్యాకేజీ చెబుతారు. అది చాలదు. చౌడవరం, వడ్డేశ్వరం, కానూరు, నీరుకొండ, ఐనవోలు చూసుకుని ఇంటికి చేరేసరికి 80 దాటిపోతుంది, 8 గంటలూ దాటిపోతాయి. మొదటే పెద్ద ప్యాకేజీ తీసుకుంటే అదనపు గంటల గొడవ ఉండదు. వడ్లమూడి, వడ్డేశ్వరంలోవి డీమ్డ్ యూనివర్సిటీలు. వాటి ప్రవేశాల పద్ధతి వేరు, కాబట్టి పిల్లలు ఏ పరీక్ష రాశారో చూసుకుని వెళ్లండి. మా డ్రైవర్ కానూరు ముందు పెట్టమన్నారు. తొమ్మిదయితే బందరు రోడ్డు నిండా కాలేజీ బస్సులే ఉంటాయట, బెంజి సర్కిల్ దాటడానికే చాలా టైము పోతుందట. ఆయన చెప్పినట్టే పొద్దున్నే వెళ్లాం, ఎక్కడా ఆగకుండా చేరిపోయాం.

దూరపు ప్రయాణానికి రాత్రి పదకొండుకి బయల్దేరమని, తెల్లారేసరికి చేరిపోతారని ఆఫీసులో సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. పగలంతా బండి నడిపిన మనిషిని రాత్రి మళ్లీ హైవే మీద నడపమనడం నాకు మనసొప్పలేదు. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. భీమవరంలో కాలేజీ చూసుకుని, తణుకు దగ్గర మళ్లీ హైవే ఎక్కి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, రావులపాలెం దగ్గర గౌతమి దాటి, మండపేట, రామచంద్రపురం మీదుగా కాకినాడ వెళ్లాం. తాపేశ్వరం కాజా కొనుక్కోవడానికి తప్ప మధ్యలో ఎక్కడా ఆగలేదు.

డ్రైవర్ గారి గురించి చెప్పాలి. వయసు యాభై పైనే. ఫోను డ్యాష్‌బోర్డు మీదే ఉన్నా, నడుపుతూ ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఇంటి నుంచి ఫోనొస్తే బండి పక్కకి తీసి మాట్లాడేవారు. కాలేజీలు చూసే వాళ్లకి కావలసింది స్పీడు కాదు, తొందరపెట్టని మనిషి. ఒక్కో చోట ఎంతసేపు పడుతుందో మనకే తెలియదు. ఆఫీసులో గుమాస్తా భోజనానికి వెళ్లి ఉంటాడు, హాస్టల్ వార్డెన్ ఇంకా రాలేదంటారు, పిల్ల లైబ్రరీలోకి వెళితే ఒక పట్టాన బయటికి రాదు. అప్పుడు బయటి నుంచి "ఇంకెంతసేపండీ" అని ఫోనొస్తే సగం చూసి వచ్చేస్తాం. ఈయన ఒక్కసారి కూడా అలా చేయలేదు.

కాకినాడ జేఎన్‌టీయూలో మేం చాలాసేపు ఉన్నాం. 1946లో వైజాగపట్నం పేరుతో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ అది, తర్వాత కాకినాడకి వచ్చింది. పెద్ద పెద్ద చెట్లు, పాత క్లాసు గదులు. ఈసీఈ డిపార్ట్‌మెంట్ మెట్ల మీద ఒక రెండో సంవత్సరం అమ్మాయి ల్యాబ్ రికార్డు రాసుకుంటోంది. మా పిల్ల బిడియం వదిలి పక్కన కూర్చుంది. ఆ అమ్మాయి రికార్డు తెరిచి చూపించింది. ఎడమ వైపు తెల్ల పేజీలో పెన్సిలుతో గీసిన సర్క్యూటు, కుడి వైపు రీడింగుల పట్టిక, కింద సారు ఎర్ర ఇంకుతో పెట్టిన సంతకం, తేదీ. "వారం వారం దిద్దుతారా?" అని మా పిల్ల అడిగింది. దిద్దుతారనీ, రీడింగు రాకపోతే మళ్లీ చేయిస్తారనీ ఆ అమ్మాయి చెప్పింది. హాస్టల్లో నీళ్ల సంగతి, రాత్రి ఎన్నింటిలోపు లోపలికి రావాలో, ఊరెళ్లాలంటే ఎవరి సంతకం కావాలో అన్నీ ఓపిగ్గా చెప్పింది. ఏ వెబ్‌సైటులో చూసినా మాకు ఇవి తెలిసేవి కావు.

దారిలో మరో ఊళ్లో ఒక ప్రైవేటు కాలేజీలో జరిగింది కూడా చెప్పాలి. ఏసీ గదిలో కూర్చోబెట్టి, కూల్‌డ్రింకులిచ్చి, ప్లేస్‌మెంట్ల బ్రోచరు చేతిలో పెట్టారు. అడ్వాన్సు కడితే మేనేజ్‌మెంట్ కోటాలో సీటు పక్కన పెడతామన్నారు. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలోనే నిండుతాయి. మాకు మేనేజ్‌మెంట్ సీటు అక్కర్లేదనీ, ఆడపిల్లల హాస్టల్ చూపించమనీ అడిగాను. ఇవాళ కుదరదు, రేపు రండి అన్నారు. బయటికి వచ్చేసరికి డ్రైవర్ గారు గేటు దగ్గర వాచ్‌మన్‌తో మాట్లాడుతున్నారు. "అమ్మా, హాస్టల్ ఈ కాంపౌండులో లేదట. రెండు కిలోమీటర్ల అవతల అద్దె బిల్డింగట. చూస్తారా?" అన్నారు. వెళ్లి చూశాం. కింద షాపులు, పైన గదులు, మెట్ల దగ్గర లైటు లేదు. మా అమ్మాయి ఏమీ మాట్లాడకుండా తన పుస్తకంలో ఆ కాలేజీ పేరు కొట్టేసింది. మన చేతిలో బండి లేకపోతే ఆ రెండు కిలోమీటర్లు వెళ్లి చూసేవాళ్లం కాదు.

అన్నవరంలో అత్తయ్య మొక్కు తీరింది. కొండ పైదాకా బండి వెళ్లింది, ప్రసాదం పొట్లాలు తీసుకుని దిగాం. అందరికీ తెలిసిన చోటే కాబట్టి ఇంతకంటే రాయను.

విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ చూడడం మా ఆయనకి ఎప్పటి నుంచో ఉన్న కోరిక. 1926లో బెజవాడలోనే మొదలై 1930లో వాల్తేరు వెళ్లిన యూనివర్సిటీ అది. అమ్మాయిలకి విడిగా ఇంజినీరింగ్ కాలేజీ కూడా ఉందక్కడ. క్యాంపస్‌లో నడిచే దూరాలు ఎక్కువ. అత్తయ్యని కారులోనే కూర్చోబెట్టి, ఏసీ వేసి, ఆవిడకి మంచినీళ్లు, టీ చూసుకున్నది డ్రైవర్ గారే. ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఇక ఆ తగ్గించిన మార్కు. రాత్రి హోటల్లో దిగాక బాబాయి గారు ఎక్కడ పడుకుంటారని ఆఫీసుకి ఫోన్ చేశాను. బత్తా ఇస్తున్నాం కదమ్మా, బండిలోనే పడుకుంటాడులే అన్నారు. విశాఖ ఉక్కపోతలో, అద్దాలు దించితే దోమలు, ఎత్తితే గాలి ఉండదు. మర్నాడు 380 కిలోమీటర్లు మా నలుగురి ప్రాణాలూ ఆయన చేతిలోనే కదా. మా ఆయన అదే హోటల్లో ఆయనకి చిన్న గది తీసుకున్నారు. వద్దంటే మేమే బలవంతం చేశాం. తిరిగొచ్చాక బిల్లులో నైట్ హాల్ట్ అని బత్తా కాక విడిగా ఇంకో మొత్తం వేశారు. అది ఫోన్లో మాట్లాడుకున్నప్పుడు చెప్పలేదు. ఆ డబ్బు డ్రైవర్‌కి వెళుతుందా అని అడిగితే సరైన జవాబు రాలేదు. గట్టిగా మాట్లాడితే సగం తీసేశారు. నాకు కోపం డబ్బు గురించి కాదు. మనిషిని బండిలో పడుకోబెట్టి, ఆయన పేరు చెప్పి మన దగ్గర వసూలు చేయడం తప్పు. మీరు మాట్లాడుకునేటప్పుడు డ్రైవర్ పడక ఎక్కడో, నైట్ హాల్ట్ ఎంతో, అది ఎవరికి చేరుతుందో ముందే తేల్చుకోండి.

బండి విషయానికొస్తే ఎర్టిగా మా నలుగురికి చక్కగా సరిపోయింది. ఆరుగురైతే వెనక వరసలో పెద్దవాళ్లు కూర్చోలేరు, డిక్కీలో సంచులు కూడా పట్టవు. అప్పుడు ఇన్నోవా తీసుకోవడమే మంచిది. సీట్లు శుభ్రంగా ఉన్నాయి. స్టెప్నీ టైరులో గాలి కూడా బయల్దేరకముందే చూపించారు.

ఎప్పుడు వెళ్లాలంటే, వీలైతే ఆషాఢంలో. ముహూర్తాలు ఉండవు కాబట్టి బండ్లు ఖాళీగా ఉంటాయి, రేటు దగ్గర కాస్త మాట వింటారు. మంచి డ్రైవర్ కావాలని అడిగినా కుదురుతుంది. నాకూ ఆ నెలలో పెళ్లి బ్లౌజులు ఉండవు, షాపు మూసినా ఇబ్బంది లేదు. శ్రావణం వచ్చిందంటే వరలక్ష్మీ వ్రతం కుట్లతో నాకు తల ఎత్తే తీరిక ఉండదు, పెళ్లిళ్లతో ఊళ్లో ఒక్క బండీ దొరకదు. కౌన్సెలింగ్ తేదీలు వచ్చేదాకా ఆగకుండా, ర్యాంకు తెలిసిన వారంలోనే ఫోన్ చేసి, కాలేజీలకి తిరిగిన అలవాటున్న పెద్ద వయసు డ్రైవర్‌ని పంపమని అడగండి.