ఫైల్‌ని ఎంమ్యాప్ చేయాలా, రీడ్-రైట్‌తో నడపాలా: ఏది మేలు?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి మిర్చి బస్తాలు పోటెత్తే రోజుల్లో అడ్తి దుకాణంలోని కంప్యూటర్‌కి క్షణం తీరిక ఉండదు. కొత్త తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు) రాస్తూనే ఉండాలి, పాత లెక్కలు తీసి చూపిస్తూనే ఉండాలి. ఇలాంటి దుకాణాలకు సాఫ్ట్‌వేర్ రాసే హనుమకొండ, కాజీపేట కుర్రాళ్లకు డేటా ఫైల్‌ దగ్గర ఒక సందేహం వస్తుంది: ఎంమ్యాప్ (ఫైల్‌ని నేరుగా ప్రోగ్రామ్ మెమరీలో కనబడేలా చేయడం) చేద్దామా, మామూలు రీడ్, రైట్ కాల్స్ చాలా? చదవడానికి ఎంమ్యాప్ భేష్, డబ్బు లెక్క రాయడానికి మాత్రం వద్దు అంటాను నేను.

లినక్స్‌లో మామూలుగా ఫైల్ చదివితే డిస్క్ నుంచి వచ్చిన డేటా ముందు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) పేజ్ క్యాష్‌లో, అంటే ఫైల్ డేటా కాపీలు ఉంచే మెమరీలో, చేరుతుంది. రీడ్ అంటే అక్కడి నుంచి మన బఫర్‌లోకి (ప్రోగ్రామ్ సొంత మెమరీలోకి) కాపీ. ఎంమ్యాప్‌లో ఆ కాపీ లేదు, పేజ్ క్యాష్‌లో ఉన్న పేజీలే మన ప్రోగ్రామ్ అడ్రస్‌లలో కనబడతాయి. ఖాతా పుస్తకంలోంచి చిట్టీ మీద ఎక్కించుకుని చూడటానికీ, పుస్తకమే ముందు పెట్టుకుని చూడటానికీ ఉన్న తేడా అన్నమాట. పేజీ ఇంకా మెమరీలో లేకపోతే పేజ్ ఫాల్ట్ వస్తుంది, కెర్నెల్ ఆ 4,096 బైట్ల పేజీని తెచ్చి పెడుతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు చూసినా సిస్టమ్ కాల్ (కెర్నెల్‌ని పిలిచే) ఖర్చు లేదు. బిల్లింగ్, రిపోర్టు ప్రోగ్రామ్‌లు రెండూ ఒకే ఫైల్‌ని మ్యాప్ చేసుకుంటే మెమరీలో ఉండేది ఒకే ప్రతి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మిషన్‌కి ఇది పెద్ద ఊరట.

అసలు చిక్కు రాతలో ఉంది. చపాట మిర్చి అమ్మిన ఒక రైతు పట్టీ రాశామనుకోండి. రికార్డు ఒక పేజీలో పడింది, దాన్ని వెతికిపెట్టే ఇండెక్స్ ఇంకో పేజీలో. మ్యాప్ చేసిన మెమరీలోనే రెండూ మార్చాం. మార్చిన పేజీలను కెర్నెల్ మామూలుగా 30 సెకన్లు దాటాక డిస్క్‌కి పంపుతుంది, మెమరీ తక్కువైతే ఇంకా ముందే పంపేస్తుంది. ఏది ముందు, ఏది వెనక అన్నది మన చేతిలో లేదు. ఇండెక్స్ వెళ్లి, రికార్డు వెళ్లకముందే కరెంట్ పోయిందా, మళ్లీ తెరిచాక పట్టీ నంబర్ ఉంటుంది, బస్తాల లెక్క ఉండదు. ఎంసింక్‌తో 'ఇప్పుడే రాయి' అనొచ్చు గానీ 'ఇంకా రాయకు' అనే దారి లేదు.

రైట్ వాడితే, పిలిచేదాకా మార్పు మన బఫర్‌లోనే ఆగుతుంది. ముందు లాగ్ ఫైల్‌లో రాసి ఎఫ్‌సింక్ చేసి (డిస్క్‌కి చేరేదాకా ఆగి), ఆ తర్వాతే అసలు ఫైల్ ముట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: రైట్ విజయవంతం అయిందంటే పేజ్ క్యాష్ దాకా చేరిందనే అర్థం. ఎఫ్‌సింక్ సరిగ్గా తిరిగి వచ్చాకే రైతు చేతికి కాగితం ఇవ్వాలి. ఈ ఒక్క లైన్ స్పీడ్ కోసం తీసేస్తామనే వాళ్లతో నేను ఎప్పుడూ వాదిస్తాను.

ఎర్రర్ల సంగతీ అంతే. ఎవరో మధ్యలో పెన్‌డ్రైవ్ పీకేశారు. రీడ్ అయితే ఎర్రర్ కోడ్ ఇస్తుంది, మనం మెసేజ్ చూపించొచ్చు. మ్యాప్ చేసిన పేజీని తేలేకపోతే కెర్నెల్ సిగ్‌బస్ అనే ఎర్రర్ సిగ్నల్ పంపుతుంది, పట్టుకునే కోడ్ లేకపోతే ప్రోగ్రామ్ అక్కడికక్కడే పడిపోతుంది.

పెద్దవాళ్లూ ఇదే దారిలో వెళ్లి వెనక్కి వచ్చారు. మాంగోడీబీ అనే డేటాబేస్ మొదట్లో ఎంమ్యాప్ మీదే నడిచింది. 2015లో వచ్చిన 3.2 వెర్షన్‌లో వయర్డ్‌టైగర్ అనే స్టోరేజ్ ఇంజన్‌ని డిఫాల్ట్ చేసి, 2019 నాటి 4.2లో పాత ఎంమ్యాప్ ఇంజన్‌ని పూర్తిగా తీసేశారు. వేగమైన ఎన్‌వీఎంఈ డ్రైవ్‌ల మీద ఇంకో ఇబ్బంది కూడా ఉంది: మెమరీ నిండి పేజీలను ఖాళీ చేస్తుంటే, పాత అడ్రస్ మ్యాపింగ్‌లను మిగతా ప్రాసెసర్ కోర్‌ల టీఎల్‌బీల్లోంచి (ఆ మ్యాపింగ్‌లను గుర్తుంచుకునే చిన్న క్యాష్‌ల్లోంచి) కూడా తుడవాల్సి వస్తుంది. కోర్‌లు పెరిగేకొద్దీ అదే భారమవుతుంది.

ఓ-డైరెక్ట్ అనే మూడో దారి పేజ్ క్యాష్‌నే పక్కనపెడుతుంది. క్యాష్ మనమే కట్టుకోవాలి, బఫర్లను డిస్క్ బ్లాక్‌ల హద్దులకు అలైన్ చేసుకోవాలి. డేటాబేస్ ఇంజన్ రాసేవాళ్లకు సరే, అడ్తి దుకాణానికి అక్కర్లేదు.

సొంతంగా ఫైల్ ఫార్మాట్ కట్టాలన్న పట్టుదల ఉంటే ఎల్‌ఎండీబీ అనే చిన్న డేటాబేస్ లైబ్రరీ కోడ్ ఒకసారి చదవండి. డిఫాల్ట్‌గా అది ఫైల్‌ని చదవడానికి మాత్రమే మ్యాప్ చేస్తుంది, రాతలను రైట్ కాల్స్‌తో పంపి సింక్ చేస్తుంది. నేను చెప్పే పద్ధతి అక్కడ పని చేస్తూ కనబడుతుంది.