ఏటికొప్పాక: లక్క బొమ్మల ఊళ్లో ఒక పూట

ఏటికొప్పాక బొమ్మలు కొనడానికే అయితే విశాఖలోని లేపాక్షి హస్తకళల షోరూమ్ చాలు. ఆ ఊరు వెళ్లాల్సింది పని చూడటానికి. పండగ రోజు కాకుండా మామూలు రోజు, పొద్దున్నే వెళ్లండి. కర్రను తిప్పే లేత్ మిషన్లు ఆగి ఉంటే అక్కడ చూసేది సగం కూడా ఉండదు.

విశాఖ నుంచి సుమారు 65 కిలోమీటర్లు. తుని వైపు బస్సెక్కి అడ్డరోడ్డులో దిగి ఆటోలో వెళ్లాం. రైలైతే నర్సీపట్నం రోడ్ స్టేషన్ దగ్గరవుతుంది. పోయేటప్పుడు ఆటో వెంటనే దొరికింది కానీ, తిరిగి రావడానికి ఎండలో చాలాసేపు నిలబడ్డాం. పెద్దవాళ్లు వెంట ఉంటే రానూపోనూ ఒకే ఆటో మాట్లాడుకోండి.

వరాహ నది ఒడ్డున ఉంటుందీ ఊరు. మేం కూర్చున్నది ఒక రేకుల షెడ్డులో. ఈ బొమ్మలు చేసే అంకుడు కర్ర మెత్తన, ఉలి ఆనించగానే సన్నగా పొట్టు లేస్తుంది. పెద్దాయన కుంకుమ భరిణె చేస్తున్నారు. ముందు లోపల తొలిచి, తర్వాత మూత చెక్కి, పెట్టి చూసి, మళ్లీ కాస్త గీశారు. కొలతంతా చేతిలోనే ఉంది. "కర్ర బాగా ఆరాలి బాబూ, లేకపోతే రేపు మూత పట్టదు" అన్నారు.

రంగు వేసేటప్పుడు మాత్రం కళ్లు తిప్పకండి. బ్రష్ ఉండదు. గిరగిరా తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల నుంచి రంగులు తీస్తారు. మధ్యలో కృత్రిమ రంగులు వాడకంలోకి వచ్చాయి. సహజ రంగులను మళ్లీ నిలబెట్టడానికి ఏళ్ల తరబడి కష్టపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఢిల్లీలో ఊరేగిన బొమ్మలూ ఇవే.

ఆ పేరంతా చూసి వీళ్ల బతుకు తేలికనుకోకూడదు. రోజంతా పొట్టు దుమ్ములో వంగి కూర్చునే పని. అంకుడు కర్ర దొరకడమే కష్టంగా ఉందని మాతో మాట్లాడినవాళ్లంతా అన్నారు. ఆ భరిణె తయారవడం చూశాక నాకు బేరమాడబుద్ధి కాలేదు, చెప్పిన ధరే ఇచ్చాను. పిల్లలకైతే లక్కపిడతల సెట్టు తప్పక తీసుకోండి.

ఊళ్లో మాకు లాడ్జి కనిపించలేదు. దగ్గర్లోని యలమంచిలిలో దిగిన లాడ్జిలో రాత్రంతా లారీల మోత, తెల్లారాక కుళాయిలో నీళ్లు లేవు. విశాఖలోనే దిగి ఉదయం బయల్దేరడం నయం. రాజమండ్రి వైపు పోయేవాళ్లయితే అన్నవరంలో దేవస్థానం సత్రాలున్నాయి. భోజనం యలమంచిలిలో చేశాం, పప్పు, వంకాయ కూర బాగున్నాయి.

విశాఖకు తిరిగి వెళ్తూ అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ ఎక్కొచ్చు. కొండరాతినే తొలిచి మలిచిన బౌద్ధ స్తూపాలు, గుహలు చూడటానికి ఒక గంట చాలు. కారులో వెళ్తే మాత్రం బొమ్మల సంచి ఎండ తగిలే చోట పెట్టకండి, వేడికి లక్క మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయని పెద్దాయన మరీ మరీ చెప్పారు.