విశాఖలో బస: బీచ్ రోడ్డా, ద్వారకానగరా?

విశాఖలో ఖరీదైన హోటల్‌లో దిగాలనుకునేవారికి నేను ముందుగా బీచ్ రోడ్డే చెబుతాను. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తాడు. ఆ వేళ రామకృష్ణా బీచ్ దగ్గర వాహనాలను ఆపేస్తారు కాబట్టి రోడ్డంతా నడకకు వచ్చినవారిదే. కురుసుర జలాంతర్గామి, టీయూ-142 నౌకాదళ విమానం, ఈ రెండు మ్యూజియాలూ ఆ రోడ్డులోనే ఉన్నాయి. అయితే గది తీసుకునే ముందు గట్టిగా అడగండి: కిటికీ నేరుగా సముద్రం వైపు ఉందా, పక్కకు వంగి చూస్తేనే కనబడుతుందా? నీళ్లు కనబడని గదికి బీచ్ రోడ్డు ధర పెట్టడం వృథా. చూడటానికి ఎంత అందంగా ఉన్నా, ఈ తీరంలో స్నానం ప్రమాదకరం. పిల్లలను అలల్లోకి దిగనివ్వకండి.

ద్వారకానగర్ వైపు హోటళ్లలో ఆ దృశ్యం ఉండదు, ట్రాఫిక్ మోత ఉంటుంది. కానీ ఆర్టీసీ కాంప్లెక్స్ పక్కనే, రైల్వేస్టేషన్ దగ్గరే. ఉదయాన్నే అరకు రైలు అందుకోవలసినవారికి, పెళ్లి బట్టలు కొనడానికి వచ్చిన కుటుంబాలకు ఇదే సుఖం. టిఫిన్‌కు హోటల్ బఫే మీదే ఆధారపడనక్కర్లేదు, వీధి చివర వేడి ఇడ్లీ దొరుకుతుంది.

బిల్లులో పన్ను కూడా చూసుకోండి. రోజు అద్దె 7,500 రూపాయలు దాటితే జీఎస్టీ 18 శాతం. ఆ లోపైతే 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే.