‘83’ అచ్చున్న స్విస్ సిపాయి చాకు: పన్నెండేళ్లు వాడాక దాని ధర ఎంత?

2013లో జగిత్యాల దిక్కున, గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన ఒక కాక దగ్గర ఈ చాకు కొన్నాను. విక్టోరినాక్స్ వాళ్లు స్విట్జర్లాండ్ సైన్యానికి చేసిన సిపాయి చాకు ఇది. మూస్తే 93 మిల్లీమీటర్లు. గళ్లు ఒత్తిన అల్యూమినియం పిడి, దాని మీద చిన్న ఎర్ర డాలులో తెల్ల శిలువ. ఒక పెద్ద బ్లేడు, డబ్బా కోసేది, సీసా మూత తీసేది, ఒక డబ్బనం. కత్తెర లేదు, రంపం లేదు.

కాక నాలుగు వేలు అన్నాడు. బ్లేడు మొదట్లో ఉన్న 83 అంకె చూపించి, “కపిల్‌దేవ్ కప్పు తెచ్చిన సాలు తమ్మీ, మళ్ల దొరకది” అన్నాడు. రియాద్‌లో ఒక స్విస్ ఇంజినీరు పోతూ పోతూ చేతిలో పెట్టి పోయాడట. కథ బాగానే ఉంది. రేపు నేను అమ్మేటప్పుడు దాని వెంట కాకను పంపలేను కదా, అందుకే కథకు పైసా కట్టలేదు.

83 అంటే 1983లో తయారైందని, అది నిజమే. కానీ ఈ రకం చాకు 1961 నుంచి 2008 దాకా సైన్యానికి వెళ్తూనే ఉంది. మొదట్లో కొన్నేళ్లు ఎర్ర పిడితో వచ్చినవి తక్కువ కాబట్టి వాటికి సేకరించేవాళ్లు ఎంతైనా పెడతారు. మధ్యలో వచ్చిన 83కు ఆ గిరాకీ లేదు. ఇంకో తిరకాసు ఉంది. దీని అన్నదమ్ముల్లాంటిది పయనీర్ అని బజారులో అమ్ముతారు. దానికి తాళంచెవుల రింగు ఉంటుంది, సైన్యం చాకుకు ఉండదు. రింగు ఊడగొట్టి ‘ఆర్మీది’ అని చెప్పేవాళ్లూ ఉన్నారు కాబట్టి ముందు రింగు ఉండే మూల చూడాలి, తర్వాత సంవత్సరం అచ్చు. నా లెక్కలో మామూలు సంవత్సరం చాకుకు కొత్త పయనీర్ ధరే పైమెట్టు. అమ్మేవాళ్లు ఎంత అడుగుతున్నారో చూస్తే తల తిరుగుతుంది. ఎంతకు అమ్ముడుపోయిందో అదే ధర.

కొన్నప్పుడు బ్లేడు నిండుగా ఉంది. తెరిస్తే టక్కు, మూస్తే టక్కు. రెండు వేళ్లతో పట్టి పక్కకు ఊపితే కదల్లేదు. పిడి అంచుల్లో మెరుపు పోయింది, నాలుగు గీతలున్నాయి, అవి వాడకం గుర్తులు, నాకు బాధ లేదు. 2,200కు తెగింది. ఇప్పటికీ ఆ బేరం తప్పని అనుకోను.

నాకు హనుమకొండలో మోటార్ వైండింగ్ షాపు. ఎండాకాలం బోరు మోటార్లు వరస కట్టి కాలిపోతాయి, ఆ నాలుగు నెలలు ఈ చాకు జేబులోకి పోదు, బల్ల మీదే. మోటారులో తీగచుట్లు కూర్చునే గాళ్లలో (స్లాటుల్లో) కొట్టే వెదురు బద్దలు చెక్కడం, వైరు మీద తొడిగే స్లీవ్ తెంపడం, సీసా మూత తీసేదాని వెనక ఉన్న గాడితో వైరు తొక్క లాగడం, అన్నీ దీంతోనే. బ్లేడు గట్టిదనం రాక్‌వెల్ లెక్కలో 56. మరీ గట్టిది కాదు, అందుకే వెదురు మీద తొందరగా మొద్దుబారుతుంది. అంతే తొందరగా పదునెక్కుతుంది కూడా. పింగాణీ చాయ్ కప్పు బోర్లించి, అడుగున మెరుపు లేని అంచు మీద పదిసార్లు అటు, పదిసార్లు ఇటు దువ్వితే చాలు. తుప్పు ఒక్క చుక్క పట్టలేదు. డబ్బనం మాత్రం నేను ఏటా ఒకటి రెండుసార్లకు మించి ముట్టుకోలేదు.

దీని ఖరీదు పడిపోయింది ఎవరి వల్లనో చెప్తాను. 2016లో షాపులో పిల్లగాడు ఇంటి కత్తులతో కలిపి దీన్ని కూడా సైకిల్ సాన ఆయనకు ఇచ్చాడు. నేను వచ్చేసరికి నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. ఆపమనేలోపే మొన దగ్గర నువ్వుగింజంత నీలం రంగు తిరిగింది. ఇనుము వేడికి నీలం తిరిగిందంటే ఆ చోట గట్టిదనం పోయినట్టే. అప్పటి నుంచి ఆ కొసన పదును రెండు రోజులు నిలవదు. పైగా చక్రం అంచును లోపలికి తినేసింది కాబట్టి మొన పైకి జరిగింది. ఇప్పుడు చాకు మూసినా మొన పిడిలో పూర్తిగా దాగదు, దారమంత బయటకు ఉంటుంది. జేబులో చెయ్యి పెడితే గుచ్చుకుంటుంది.

అందుకే ఎవరైనా పాత చాకు తెస్తే తెరవకముందే, మూసిన బ్లేడు వీపు మీద బొటనవేలు నిదానంగా జరిపి చూస్తాను. మొన తగిలిందంటే అడిగిన ధరలో సగం తీసేస్తాను. నా చాకుకు నేనూ అంతే కట్టాలి, కట్టడం మాత్రం మనసొప్పదు.

పోయిన దసరాకు చుట్టాలింటికి వచ్చిన కమ్మర్‌పల్లి దిక్కు ఒకాయన షాపుకు వచ్చాడు. కత్తులు సేకరిస్తాడట. ఒకప్పుడు ఆ కమ్మర్‌పల్లి దగ్గరి కోనసముద్రంలో తీసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు, కత్తులకు. ఆ ఊరి పేరు చెప్పి, “మాకు ఉక్కు గురించి ఇంక ఎవరన్న చెప్పాల్నా అన్నా” అని నవ్వాడు. నేను మూడు వేలు అన్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. చాకు మూసి వీపు మీద వేలు జరిపాడు, కొసన ఆగాడు.

“అన్నా, గిది తాకుతుంది.”

వెలుతురులోకి పోయి నీలం చూశాడు. 1,500 అన్నాడు. 83 గురించి చెప్పబోయాను, కపిల్‌దేవ్ దాకా వచ్చి నాకే సిగ్గేసి ఆగిపోయాను. ఇయ్యనన్నాను. ఆయనేం కోపం చేసుకోలేదు, చాయ్ తాగి, చాకును బల్ల మీద వెదురు బద్దల పక్కన పెట్టాడు. చెప్పులు తొడుక్కుంటూ, “ఇంకోసారి సాన పట్టిస్తే వెయ్యికి దిగుతది. అప్పుడు ఫోన్ కొట్టు” అన్నాడు.