టెలీ మానస్ 14416: సేవ మంచిదే, ఫోనే పిల్లల చేతిలో లేదు

ఇంటర్ పరీక్షలు దగ్గరపడితే 14416 నంబరు పేపర్లలో, కాలేజీ గోడల మీద కనిపిస్తుంది. మానసిక ఇబ్బందుల్లో ఉన్నవారికి ఫోన్‌లోనే సాయం అందించేందుకు కేంద్రం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు ఇది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. అది కలవకపోతే 1800-891-4416కు చేయాలి.

కాల్ కలవగానే వినిపించేది రికార్డు చేసిన గొంతు. భాష ఎంచుకోమంటుంది. బెంగతో ఉన్న పిల్లలు ‘ఎవరూ పలకడం లేదు’ అనుకుని పెట్టేసే ప్రమాదం ఇక్కడే ఉంది. మొదట మెషీన్ మాట్లాడుతుందని, తెలుగు నంబరు నొక్కి కాసేపు ఆగితే మనిషి లైన్‌లోకి వస్తారని పోస్టర్ మీదే రాయాలి. ఆ ఒక్క వాక్యం లేని పోస్టర్లే ఎక్కువ.

మాట్లాడేది శిక్షణ పొందిన కౌన్సెలర్. డాక్టర్ కాదు, మందులు రాయరు. ‘పది రోజులుగా నిద్ర లేదు, చదివింది నిలవడం లేదు, ఇంటికి చెప్పాలంటే భయం’ అని మొదలుపెడితే చాలు, మిగతాది వాళ్లే అడిగి తెలుసుకుంటారు. పరీక్షల భయం, ఇంటి బెంగ, స్నేహితులతో గొడవ లాంటివాటికి చాలాసార్లు ఆ మాటలతోనే ఊరట దొరుకుతుంది. సమస్య అంతకంటే లోతైనదైతే సైకియాట్రిస్టుకు లేదా సైకాలజిస్టుకు కలుపుతారు, లేదంటే జిల్లాలో ఎక్కడ చూపించుకోవాలో చెబుతారు. వారాల తరబడి తిండీ నిద్రా తప్పిన పిల్లలకు మాత్రం ఫోన్ మాటలే వైద్యం అనుకోకూడదు. ఎదురుగా కూర్చోబెట్టి చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

సేవగా దీనికి మంచి మార్కులే వేస్తాం. లోటంతా హాస్టల్ గేటు లోపల ఉంది. రెసిడెన్షియల్ కాలేజీల్లో పిల్లల దగ్గర ఫోన్ ఉండనివ్వరు. ఉన్న ఒక్క ఫోనూ వార్డెన్ గదిలో ఉంటుంది, వెనక లైన్‌లో పదిమంది నిలబడి ఉంటారు. అమ్మతోనే మనసు విప్పలేని చోట కొత్త మనిషికి ఏం చెప్పుకుంటారు? నమోదు చేసిన ఇంటి నంబర్లకే కాల్ వెళ్లే ఫోన్లున్న చోట, గోడ మీద పోస్టర్ ఉన్నా 14416 మోగదు.

సుఖ్‌దేబ్ సాహా కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చిన విద్యార్థిని మరణం నుంచి పుట్టిన కేసు అది. వంద లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి, సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి, టెలీ మానస్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం మానాలని కూడా అందులో ఉంది. మా దృష్టిలో అన్నిటికంటే బరువైన మాట అదే.

కాలేజీలు వెంటనే చేయగలిగినవి ఉన్నాయి. ఫోన్ అమర్చిన వాళ్లను అడిగి రెండు నంబర్లూ తెరిపించాలి. తలుపు వేసుకునే గదిలో ఫోన్ పెట్టి, అడిగిన వారికి అరగంట వదలాలి. ఎవరు ఎందుకు చేశారన్న రిజిస్టర్ పెట్టకూడదు. పేరు రాయమన్న రోజు నుంచి ఎవరూ ఆ గది వైపు రారు.

లెక్చరర్లకు మరో మాట. పిల్లవాడు ముభావంగా మారి, వస్తువులు పంచిపెడుతుంటే, ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే తిట్టొద్దు, ఒట్లు వేయించుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. పక్కన కూర్చునే 14416కు చేయించాలి. ప్రాణాపాయం ఉందనిపిస్తే అత్యవసర నంబరు 112కు చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మర్నాడు క్లాసులో అందరి ముందు ‘ఇప్పుడెలా ఉంది?’ అని అడగకుండా, విడిగా పలకరించాలి.

రూమ్‌మేట్ గురించి బెంగపడే పిల్లలు కూడా ఈ నంబరుకు చేసి ఏం చేయాలో అడగొచ్చు. ఈ సంగతి కూడా పోస్టర్ మీద రాయాలి.