బెజవాడ, గుంటూరు: కష్టజీవుల చరిత్ర చూడాలంటే ఏ వేళకి ఎక్కడుండాలి

టికెట్టు కొనుక్కుని గంటలో చూసి బయటపడే సరుకు కాదిది. గుంటూరు మిర్చి యార్డు పొద్దున్నే మొదలవుతుంది, బెజవాడలో లారీల బాడీలు కట్టే ఆటోనగర్ పదింటికి గానీ ఊపందుకోదు, గ్రంథాలయాల్లో కుర్చీలు సాయంత్రానికి నిండుతాయి. అందుకే ఈ యాత్రకి చోట్ల జాబితా కంటే వేళల లెక్క ముఖ్యం. వారం మధ్యలో రెండు పగళ్లు, రెండు సాయంత్రాలు చేతిలో ఉంచుకుంటే చాలు. శని, ఆదివారాలు యార్డుకి సెలవు. ఆదివారం ఆటోనగర్ షెడ్లు కూడా చాలావరకు మూతే. వారాంతపు సెలవుకి వచ్చినవాళ్లకి మిగిలేవి కొండపల్లి బొమ్మలు, ప్రకాశం బ్యారేజీ మీద గాలి.

బస విజయవాడలోనే పెట్టుకోవాలి, అదీ గాంధీనగర్, గవర్నర్‌పేటల్లో. రైల్వే స్టేషన్ దగ్గర, సాయంత్రం చూడాల్సినవన్నీ నడిచే దూరం. ఏలూరు రోడ్డు వైపు కిటికీ ఉన్న గది ఇస్తానంటే వద్దని, వెనక సందు వైపు గది అడగండి. హారన్ల మోత రాత్రి చాలాసేపటిదాకా తగ్గదు. చెకౌటు 24 గంటల లెక్కా, మధ్యాహ్నం 12 లెక్కా అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి, తెల్లవారుజామున దిగేవాళ్లకి ఒక రోజు అద్దె తేడా వస్తుంది. కన్ఫర్మ్ టికెట్టు ఉంటే స్టేషన్‌లోని రిటైరింగ్ రూములు చవక, కానీ చివరి నిమిషంలో దొరకవు. బెంజి సర్కిల్ వైపు హోటళ్లు శుభ్రంగానే ఉంటాయి, ఆటోనగర్‌కీ దగ్గరే. అయితే సాయంత్రం గాంధీనగర్ రావడానికి బందరు రోడ్డు ట్రాఫిక్‌లో పడాలి. గుంటూరులో ఆగేవాళ్లు కొత్తపేట తప్పించడం మేలు. చుట్టూ ఆసుపత్రులే కాబట్టి లాడ్జీలు రోగుల బంధువులతో నిండిపోయి ఉంటాయి.

స్టేషన్ కూడా చూడాల్సిన చోటే. 1888లో రైలు రావడంతోనే కాలువల ఊరు జంక్షన్ ఊరయింది. 1974 మేలో దేశమంతా రైల్వే కార్మికులు సమ్మె చేసినప్పుడు ఇలాంటి పెద్ద జంక్షన్ల మీదే అందరి కళ్లూ ఉన్నాయి. దాని గుర్తులు వెతుక్కుంటూ ప్లాట్‌ఫారాలు తిరగడం దండగ, రైల్వే కుటుంబాల పేట సత్యనారాయణపురానికి నడవండి. ఆ పేట మీదుగా వెళ్లే పాత పట్టాలు తీసేసి బీఆర్‌టీఎస్ రోడ్డు (బస్సులు వేగంగా వెళ్లడానికి వేసిన రోడ్డు) వేశారు. సందుల మధ్య ఈ ఒక్క రోడ్డు అంత వెడల్పుగా, తిన్నగా సాగడానికి కారణం అదే.

ఆటోనగర్‌కి సిటీ బస్సులో వెళ్లి, టెర్మినల్ దగ్గర దిగి, బాడీ బిల్డింగ్ షెడ్లు ఎటని అడిగితే ఎవరైనా చూపిస్తారు. 1960ల్లో ఊళ్లోని మెకానిక్కులందరినీ ఒకచోట చేర్చడానికి పుట్టిన పేట ఇది. లారీ చాసిస్ ఇక్కడికి ఒట్టి ఎముకల గూడులా వస్తుంది. దాని మీద అడ్డంగా క్రాస్ బేరర్లు, అంటే బాడీని మోసే దూలాలు పరిచి, యూ బోల్టులతో చాసిస్‌కి బిగిస్తారు. చాసిస్‌కి ఇష్టం వచ్చినచోట బెజ్జం వెయ్యకూడదు, బరువు పడ్డప్పుడు పగులు అక్కడినుంచే మొదలవుతుంది. బోల్టు వదులైతే బాడీ చాసిస్ మీద రాసుకుని చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు విని ఏ బోల్టో చెప్పగల మేస్త్రీలు ఇంకా ఉన్నారు. ఆ తర్వాత ఫ్లోరు, పక్క తలుపులు, కేబిన్, టింకరింగ్ (రేకు పని), వైరింగ్, చివరికి పెయింటు. వడ్రంగి, వెల్డరు, టింకరు, ఎలక్ట్రీషియన్, పెయింటరు, ఎవరి గుంపు వాళ్లదే, కూలీ మాట్లాడుకోవడం కూడా వేరువేరుగానే. కంపెనీల నుంచే కేబిన్, బాడీ సహా బండ్లు రావడం పెరిగాక ముందు దెబ్బ తిన్నది వడ్రంగులు. చూసేవాళ్లకి ఒక్క హెచ్చరిక: వెల్డింగ్ మెరుపు వైపు తేరిపార చూడొద్దు, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే భోజనాల విరామం, పదకొండింటికే అక్కడుంటే పని నిండుగా కనిపిస్తుంది.

సాయంత్రం గ్రంథాలయాలకి. ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమం సంఘంగా కూడింది ఈ ఊళ్లోనే, 1914లో రామమోహన గ్రంథాలయంలో, అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో. కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు పంపిన పాతూరి నాగభూషణం ప్రయత్నం 1935 నాటిది. బడికి వెళ్లని రైతుకూలీ పుస్తకం దగ్గరికి రాలేడు కాబట్టి పుస్తకమే పడవెక్కింది. గాంధీనగర్ హనుమంతరాయ గ్రంథాలయంలో చదువుకోవడం కంటే నాటకం చూడ్డానికి వెళ్లడం నయం, ఆ రోజు ప్రదర్శన ఉందో లేదో గేటు దగ్గరే తెలుస్తుంది. వామపక్ష కళాకారుల సంఘం ప్రజానాట్యమండలి 1943లో పుట్టింది ఈ ఊళ్లోనే, 1944లో రైతు సంఘమైన అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది కూడా ఇక్కడే. కమ్యూనిస్టు పత్రికలైన విశాలాంధ్ర దినపత్రిక 1952లో, ప్రజాశక్తి దినపత్రికగా 1981లో ఇక్కడినుంచే వెలువడ్డాయి. రాఘవయ్య పార్కు దగ్గర ఎంబీ (మాకినేని బసవపున్నయ్య) విజ్ఞాన కేంద్రంలో ఏదో ఒక సభ తరచూ ఉంటుంది, వెనక వరసలో కూర్చుంటే ఎవరూ ఎందుకొచ్చారని అడగరు. పాత పత్రికల ఫైళ్లు చూడాలనుకునేవాళ్లు ఎక్కడైనా సరే ఏ సంవత్సరం, ఏ నెల కావాలో రాసుకుని ముందే ఫోన్ చేసి వెళ్లాలి. ఊరికే ‘కార్మిక ఉద్యమం గురించి’ అంటే టీ ఇచ్చి పంపిస్తారు.

రెండో పగలు గుంటూరు. నెహ్రూ బస్టాండ్ నుంచి నాన్‌స్టాప్ బస్సు గంటకి కాస్త అటూ ఇటూ. పొద్దున్నే మొదటి బస్సుల్లో ఒకటి పట్టుకుంటే యార్డులో బేరాల వేళకి చేరతారు. సీజన్ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ఎండలు ముదిరాక నెల రోజుల వరకు యార్డుకి సెలవులిస్తారు, ఆ తర్వాత వచ్చేది ఎక్కువగా కోల్డ్ స్టోరేజీ కాయే. లోపలికి వెళ్లేముందు ఆఫీసులో ఒక మాట చెప్పండి, బేరం జరుగుతుండగా ఫోటోలు తియ్యొద్దు.

కొనేవాడు టిక్కీ (మిర్చి బస్తా) కోసి గుప్పెడు కాయ తీస్తాడు. రంగు చూస్తాడు, తొడిమ పట్టుకుని ఊపుతాడు. గింజ గలగలమంటే ఎండినట్టు. తర్వాత కాయ విరిచి లోపల తెల్లగా బూజు ఉందేమో చూస్తాడు. తేమ పది, పదకొండు శాతం మించితే నిల్వలో బూజు పడుతుంది. మరీ ఎండితే టిక్కీలో తొక్కేటప్పుడు కాయ పొడి అయిపోతుందని కొందరు నీళ్లు చల్లుతారు, ఆ నీళ్లే బూజుకి దారి. తేజ, 334, బాడిగ అని రకాలు, ఒక్కోదానికి ఒక్కో ధర. రంగు పోయిన తాలు వేరే కుప్ప. నలభై కిలోలు దాటిన టిక్కీని వీపుకెత్తేది హమాలీ. తొడిమలు తీసి, తాలు ఏరేది గోడౌన్లలో ఆడవాళ్లు, కూలి కిలో లెక్కన. యార్డు చూసి ఈ గోడౌన్లు చూడకపోతే సగమే చూసినట్టు. మాస్కు రెండు పొరలు ఉండాలి. చేతికి కారం అంటితే నీళ్లతో కడిగితే మంట పోదు, కారం నీళ్లలో కరగదు. ముందు నూనె రాసి, తర్వాత సబ్బు పెట్టి కడుక్కోవాలి. పని మొదలుపెట్టేముందు ఆడవాళ్లు చేతులకి నూనె రాసుకునేది కూడా ఇందుకే. కళ్లద్దాలు ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

పొగాకు కోసం ఊళ్లో వెతకొద్దు. టొబాకో బోర్డు 1976 నుంచి ఉన్నది గుంటూరులోనే గానీ అది ఆఫీసు, వేలం చూడాలంటే ఒంగోలు వైపు వెళ్లాలి. మధ్యాహ్నం ఎండలో 1885 నాటి ఏసీ (ఆంధ్ర క్రైస్తవ) కాలేజీ, ఆడపిల్లల చదువు కోసం ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో పెట్టిన శారదానికేతనం బయటినుంచి చూసినా చాలు. చదివే ఓపిక ఉంటే బృందావన్ గార్డెన్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి ఆవరణలోని అన్నమయ్య గ్రంథాలయం మేలు. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు దూరాల నుంచి వచ్చేది అక్కడికే.

తిరుగు ప్రయాణంలో మంగళగిరిలో దిగండి. ఎక్స్‌ప్రెస్ నాన్‌స్టాప్ అయితే ఆగదు, ఎక్కేముందే అడగాలి. నేలలో గుంట తవ్వి పెట్టే గుంట మగ్గాల వాడల్లో పడుగు (నిలువు నూలు) వీధి పొడవునా చాచి గంజి పట్టిస్తారు, అది పొద్దున పూటే, తిరుగు ప్రయాణంలో మగ్గాలే చూడొచ్చు. వానాకాలంలో గుంటలోకి చెమ్మ ఎక్కి నూలు మెత్తబడుతుంది, మగ్గం ఆగిపోతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా వచ్చేవాళ్లు ఈ మజిలీ వదిలేసి, ఆ పూట కొండపల్లికి పెట్టుకోవచ్చు. కోట ఎక్కితే ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగగొట్టాలన్నీ కనిపిస్తాయి. థర్మల్ స్టేషన్ లోపలికి మాత్రం అనుమతి లేనిదే పంపరు. జనవరి మొదటి పది రోజుల్లో వచ్చేవాళ్లు విజయవాడ పుస్తక మహోత్సవం ఆ ఏడు ఏ మైదానంలోనో కనుక్కుని, గాంధీనగర్‌లో గది నెల ముందే చెప్పి ఉంచుకోవాలి.